తొమ్మిదో రోజు దాటని ధ్యానం

ఈ ప్రయాణానికి మూలకారణం మా అన్నయ్య కుడిచెయ్యి. యాభై రెండో ఏట రక్తపోటు తలకెక్కి పక్షవాతం వచ్చింది. అప్పట్నుంచి ఆ చెయ్యి ఆయన మాట వినడం మానేసింది. నాకు యాభై ఒకటి నడుస్తోంది. రక్తపోటూ అదే, కోపమూ అదే. డాక్టరు మాత్రలిచ్చి, రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకు కూర్చోమన్నాడు.

ఏడుసార్లు మొదలుపెట్టాను. ఏడుసార్లూ తొమ్మిదో రోజు దాటలేదు. మా ఆవిడ సుశీల నేను కూర్చున్నంతసేపూ వంటింటి గుమ్మంలో కూర్చుని నన్నే చూసేది. ఆ కాపలాకే నాకు సగం కోపం వచ్చేది. ఏడోసారి పాలవాడి మీద అరుస్తూ పీట మీంచి లేచిపోయాను. ఆ వారమే ఎవరో ఆఫీసులో ఒక కరపత్రం ఇచ్చారు: ‘ధ్యానంలో ఉత్సాహం నిలవనివారికి సముద్రతీరాన రెండు రోజుల శిబిరం. తెల్లబట్టలు తప్పనిసరి.’ లాభాల జాబితాలో మనశ్శాంతి, జీర్ణశక్తి, వ్యాపారాభివృద్ధి, జుట్టు రాలకుండుట ఉన్నాయి. నా నెత్తిన జుట్టు ఎప్పుడో రాలిపోయింది కాబట్టి మిగతా మూడింటి కోసం బయల్దేరాను.

సెల్‌ఫోను ఇంకా డబ్బున్నవాళ్ల జేబుల్లోనే ఉన్న రోజులవి. విశాఖపట్నంలో తెల్లవారుజామున పలాస పాసింజరు ఎక్కాను. బండి ప్రతి స్టేషన్‌లోనూ చుట్టపుచూపుగా ఆగింది. టిక్కెట్టు కంటే టీలకే ఎక్కువ ఖర్చయింది. ఎదురుగా కూర్చున్న జీడితోట రైతు పూండి వెళ్తున్నాడట. నా పని విని ఆశ్చర్యపోయాడు.

“కళ్లు మూసుకోడానికి పలాస దాకా ఎందుకు బావూ? ఇక్కడే మూసుకోండి. ఈ బండి సేరేలోగా మోచ్చం వచ్చెత్తాది.”

పదకొండున్నరకి పలాసలో దిగి కాశీబుగ్గ చేరాను. ఒక జీడిపప్పు గోదాములో శిబిరానికొచ్చిన మా అందరి పేర్లు రాసుకున్నారు. గురువుగారు ఒకప్పుడు బీమా ఏజెంటు. ధ్యానం వల్ల లాభాలు ఆయన నోట పాలసీ లాభాల్లాగే వచ్చాయి: బతికుండగా ఇంత, పోయాక ఇంత. మధ్యాహ్నం భోజనం చేసి, బస్సులో టెక్కలి, అక్కణ్నుంచి ఆటోల్లో భావనపాడు వైపు సాగాం. అయిదు గంటలకి ఒక చేపల పల్లె పక్కన కొబ్బరితోటలో మమ్మల్ని దింపారు. బస తాటాకుల షెడ్డులో, చాపల మీద. రాత్రికి ఉప్పులేని ఉడికించిన సొరకాయ పెట్టారు. పల్లెలోంచి చేపల వేపుడు వాసన వచ్చినప్పుడు నలభైమంది సాధకులూ ఒకేసారి ఊపిరి గట్టిగా పీల్చారు. ఆ రోజుకి శ్వాస మీద ధ్యాస కుదిరింది అప్పుడే.

మర్నాడు అయిదున్నరకి మమ్మల్ని ఇసుకలో వరసలుగా, సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టారు. “గంటసేపు మౌనం. ఎవరూ కదలకూడదు,” అన్నారు గురువుగారు. నేను కళ్లు మూసుకుని పాలవాణ్ని తలుచుకున్నాను, ఆఫీసు సూపరింటెండెంటుని తలుచుకున్నాను, ఇద్దర్నీ మనసులో చెడామడా తిట్టాను.

గంట మోగి కళ్లు తెరిస్తే మేం రెట్టింపయ్యాం. మా వెనక పల్లె ఆడవాళ్లు ముప్పై నలభైమంది కొంగులు కప్పుకుని నిశ్శబ్దంగా కూర్చున్నారు. రెండు పెద్ద గిన్నెల నిండా చోడి అంబలి, అంటే రాగి జావ, ఉంది. పక్కన పదిమంది మగవాళ్లు చేతులు కట్టుకు నిలబడ్డారు.

గురువుగారి మొహం వెలిగిపోయింది. “చూశారా! ఇదీ సామూహిక ధ్యానశక్తి! పల్లె పల్లే కదిలి వచ్చింది!”

నా పక్కన కూర్చున్న ముసలామె నా మోచెయ్యి మెల్లగా తట్టింది. “ఎవురి బోటు బావూ, రానిది?”

నాకు అర్థం కాలేదు. ఒక పడవవాడు ముందుకొచ్చాడు. “ఏ దిక్కుకెల్లినారో సెప్పండి. బోట్లు సిద్దంగున్నాయి, ఎతుకుతాం.”

అప్పుడు తెలిసింది. ఆ పల్లెలో మనుషులు మాటామంతీ లేకుండా సముద్రం వైపు చూస్తూ కూర్చునేది ఒక్క సందర్భంలోనే: వేటకెళ్లినవాడు తిరిగి రానప్పుడు. అలాంటి ఇంట పొయ్యి వెలగదు కాబట్టి ఇరుగుపొరుగు అంబలి పట్టుకొచ్చి వెనక కూర్చుంటారు. వాళ్లంతట వాళ్లు నోరు విప్పేదాకా ఎవరూ పలకరించరు. మా కోసం ఆ వేళ వేట మానుకుని గంట నిలబడ్డారు.

“ఎవరూ పోలేదమ్మా,” అన్నాను.

“మరెవురి కోసం కూకున్నారు?”

“మనసు కుదుటపడడానికి. రోజూ కూర్చోవాలి. నాకు తొమ్మిది రోజుల కంటే కుదరడం లేదు.” సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “మావోడి కోసం ఇరవై రోజులు కూకున్నాను ఈడ. తుపానుకి కొట్టుకుపోయి ఒరిస్సాలో తేలినాడు. లారీలో వచ్చినాడు. రాగానే సీపురుకట్టతో రెండేసినాను.”

“తొమ్మిదో రోజు లేచిపోవాలనిపించలేదా?”

“లేచిపోతే ఆడు పోయినట్టు ఒప్పేసుకున్నట్టు కాదేటి బావూ?”

అంబలి నా చేతికిచ్చి, తాగేదాకా అక్కడే ఉంది. మగవాళ్లు వెళ్లి బోట్లు నీళ్లలోకి తోసుకున్నారు. గురువుగారు ఆ సాయంత్రం నుంచి మమ్మల్ని షెడ్డులో గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. ఆ గోడని చూస్తూ నాకు మా వంటింటి గుమ్మమే గుర్తొచ్చింది. ఏడుసార్లు నేను లేచిపోయాను. ప్రతిసారీ ఆ గుమ్మంలో మనిషి ఇంకా కూర్చునే ఉంది. నేను దాన్ని కాపలా అనుకున్నాను.

మూడోరోజు పొద్దున్న నౌపడాలో పాసింజరు దొరికింది. వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా: దోమతెర పట్టుకెళ్లండి, సొరకాయకి ఉప్పు పట్టుకెళ్లండి, తెల్లబట్టలతో సముద్రానికి ఎదురుగా మాత్రం కూర్చోకండి. మనశ్శాంతి నాకు చిక్కలేదు. జీర్ణశక్తి ఆ అంబలి వల్ల కాస్త బాగుపడింది.

తిలారు దాటాక కిటికీ పక్కన కళ్లు మూసుకున్నాను. పాలవాడు మళ్లీ వచ్చాడు. రానిచ్చాను. కాసేపటికి ఎదుటి సీటు పెద్దాయన నా మోకాలు తట్టాడు.

“ఏటి బావూ, ఒంట్లో బాగోనేదా? ఇంటికాడ ఎవురైనా ఉన్నారా?”

“ఉంది. గుమ్మంలో కూర్చుని ఉంటుంది,” అని మళ్లీ కళ్లు మూసుకున్నాను.