ఫింటాస్ నుంచి బ్నీద్ అల్ గార్‌కి, మామా వేషంలో

శుక్రవారం పొద్దున్నే ఫింటాస్ బస్టాపులో రెడ్డెమ్మ పక్కన నిలబడ్డాను. రాయచోటి పిల్ల. మా పై అంతస్తులో ఇంటిపని చేసేది. తను ‘మామా’ అని పిలిచే యజమానురాలు తన చేతి మీద ఇస్త్రీపెట్టె పెట్టిందని ముందురోజు సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. పాస్‌పోర్టు, బతాకా అనే గుర్తింపు కార్డు రెండూ వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ దగ్గరే. పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు చోటిచ్చే ఇల్లు బ్నీద్ అల్ గార్‌లో ఉంది. దారిలో దొరికితే ఆమెతో పాటు నేనూ జైలుకే.

నేను ఈ అరబ్బు దేశంలో ఒక బడిలో చరిత్ర చెబుతాను. అమెరికాలో పారిపోయిన బానిసలను దాచినవాళ్లనూ శిక్షించిన చట్టం గురించి మొన్ననే చెప్పి, మీరైతే ఏం చేసేవారని పిల్లల్ని అడిగాను. అందరూ దాస్తామనే రాశారు.

ఏడు గంటల బస్సు దొరికింది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: శుక్రవారం బస్సులు ఖాళీ, తనిఖీలు మాత్రం ఉంటాయి. ముందు సీట్లలో కూర్చున్నాం.

“నాకు శానా భయంగా ఉండాదక్కా,” అంది రెడ్డెమ్మ.

ధైర్యానికి పాఠంలోని సంగతే చెప్పాను. బానిసలైన భార్యాభర్తలు. తెల్లగా ఉన్న భార్య దొర వేషం వేసింది, భర్త ఆమె నౌకరయ్యాడు. పట్టపగలే రైలెక్కి తప్పించుకున్నారు.

“ఎవురూ పట్టుకోల్యా?”

“నౌకర్ని ఎవరు చూస్తారే!”

సాల్మియాలో పోలీసు ఎక్కాడు. రెడ్డెమ్మ చటుక్కున లేచి నిలబడింది. పెద్దవాళ్ల ముందు కూర్చునే అలవాటే లేదు పాపం. బస్సంతా తననే చూసింది. నా సంచి ఆమె చేతుల్లోకి తోసి, “యల్లా! సరిగ్గా పట్టుకో, బుద్ధి లేదూ?” అని అరిచాను.

పోలీసు నా బతాకా చూశాడు. “నీ పనిమనిషా?” అని అరబీలో అడిగాడు. అవునన్నాను. ఆమెను చూడనైనా చూడకుండా దిగిపోయాడు.

ఆ ఇంటి గేటు దగ్గర సంచి నా చేతికిస్తూ రెడ్డెమ్మ నవ్వింది. “బాగా తిట్టినావక్కా. అచ్చం మా మామా మాదిరే.”

నాకు నవ్వు రాలేదు.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. సాల్మియాలో మళ్లీ ఆ పోలీసే.

“నీ పనిమనిషి ఏది?”

“ఖలాస్. మానేసింది,” అన్నాను.

“వీళ్లంతే,” అని నన్ను ఓదార్చి ముందుకెళ్లాడు. ఫింటాస్ దాకా బస్సు ఆగినప్పుడల్లా తలుపు వైపే చూశాను. మా క్లాసులో ఒక్కరూ భయపడతామని రాయలేదు. ఆదివారం బడి తెరిచాక ఆ సంగతి నేనే చెప్పాలి.