పండలేదని ఆగిన కన్ను

భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని గట్టు మీద ఆ రోజు ఉన్నవి: కొలతల మిషన్ ఒకటి, దానితో గురి చూసేందుకు దూరంగా కర్రకు బిగించిన గాజు ప్రిజమ్ ఒకటి, దాన్ని పట్టుకున్న సారయ్యన్న, ట్రైనీ సర్వేయర్‌గా నేను. మిషన్‌లోకి ఎప్పుడూ ఎడమ కంటితో చూసేవాణ్ని. ఆ రోజు ఆ కంట్లో నలుసు పడి కుడి కన్ను పెట్టాను. ప్రిజమ్ కనబడలేదు.

"అన్నా, జర లేపి పట్టు."

"లేపే ఉన్న. నీ కండ్లు ఇంటికాడ మర్సొచ్చినవా ఏంది?"

చూపులో పైభాగం లేదు. నల్లగా కూడా లేదు, అసలు లేదంతే.

వరంగల్ కంటి దవాఖానలో కొలిస్తే కంటి లోపలి ప్రెజర్ కుడి 38, ఎడమ 26. మామూలుగా 21 దాటకూడదట. చూపు ఎంత మేర ఉందో తేల్చే ఫీల్డ్ టెస్ట్ చూసి డాక్టరమ్మ గ్లాకోమా అంది, కంటి నరాన్ని తినేసే జబ్బు. ఏ చుక్కలు వాడావని అడిగింది.

మాది మహబూబాబాద్ దగ్గర ఊరు. మిర్చి ఎండబోసినన్ని రోజులూ కళ్లు మండుతాయి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన చుక్కలు నిమిషంలో మంట తీసేవి. మూడు పూటలకు పట్టిక రాసి గోడకు అంటించింది నేనే. బాపు కళ్లలో వేసిందీ నేనే. నాలుగు సీజన్లు వాడాం. గనిలో దుమ్ముకు కూడా నేను అవే వేసుకున్నాను. జేబులో ఉన్న సీసా తీసి డాక్టరమ్మకు చూపించాను.

"అది స్టెరాయిడ్. కొందరికి ప్రెజర్ పెంచుతది. ఇంట్ల ఒకరికి గ్లాకోమా ఉంటే మిగతావాళ్లకూ రిస్కే. మీ బాపుకు చూపెట్లుంది?"

"ఒక కంట్ల మోతిబిందు మేడం. పండినంక తీపిద్దామని ఆగినం."

"పండలేదని ఎవరు చెప్పిన్రు?"

నేనే. నెలనెలా ఫోన్ టార్చ్ వేసి చూసి, శుక్లం ఇంకా తెల్లబడలేదని చెప్పేవాణ్ని.

మరునాడే బాపును తీసుకెళ్లాను. ఆమె లైటు వేసి చూసింది. "మోతిబిందు కాదు పెద్దాయనా, నీకూ గ్లాకోమానే. ఎడమ కంటి నరం ఎండిపోయింది. ఇగ చూపు రాదు. కుడి కంట్ల మిగిలింది కాపాడుకుందాం."

బాపు నా వైపు కాక గోడ వైపు తిరిగి అన్నాడు. "సదువుకున్నోడు ఆగుమన్నడు. ఆగిన."

మందులకు నా ప్రెజర్ దిగలేదు. ఆపరేషన్ అయ్యాక కుడి కన్ను 14కు వచ్చింది, పోయిన పైభాగం రాలేదు. గని వాళ్ల మెడికల్ పరీక్షలో సర్వేయర్ పనికి అన్‌ఫిట్ రాశారు. ఇప్పుడు ఆఫీసులో మ్యాపులు గీస్తున్నాను. జనగామలో ఉన్న అక్కకూ టెస్ట్ చేయించాను, నార్మల్.

కంటి చుక్క ఏదైనా సరే, సీసా తీసుకెళ్లి కంటి డాక్టర్‌కు చూపించి అడగండి. ఇంట్లో ఒకరికి గ్లాకోమా ఉంటే, చూపు బాగున్నా అందరూ ఏటా ప్రెజర్ చూపించుకోండి.

బాపు కుడి కన్ను ఇప్పుడు సన్నని గొట్టంలోంచి చూసినట్టు చూస్తుంది. మంచం నుంచి గడప దాకా చెయ్యి గోడకు ఆనించి, లెక్కపెట్టుకుంటూ నడుస్తాడు. పదకొండు అడుగులు.