గానుగ ఎద్దుతో ఒక ఆదివారం

"బావా, నీ కోతలతోని పని వడ్డది, జర రా" అని బావమరిది యాదగిరి ఫోన్ చేస్తే ఎగతాళి అనుకున్నాను. నాచారం దాటాక మల్లాపూర్ వైపున్న పశువుల ఆశ్రమంలో మేత చూస్తాడతను. కబేళా లారీల నుంచి దించినవీ, పనికిరావని వదిలేసినవీ అక్కడుంటాయి.

"పోయి ఎద్దులకన్న జెప్పుకో, మా చెవులు సల్లవడ్తయి" అంది నా భార్య, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

ఎనిమిదింటికి ఉప్పల్‌లో బస్సెక్కాను. మెట్రో పనులకని రోడ్డంతా తవ్వారు. నాచారంలో దిగి షేర్ ఆటో పట్టేసరికి తొమ్మిదిన్నర. ఆ ఆశ్రమానికి వెళ్ళేవాళ్ళు పశువులకని మిగిలిన అన్నం మాత్రం మూటగట్టుకుపోకండి. అది తిని కడుపుబ్బిన ఆవును అక్కడ చూశాను.

నన్ను పిలిపించింది ఒక గానుగ ఎద్దు కోసం. మెడ మీద కాడి ఒరుసుకున్న పుండు, దాని మీద పసుపుపచ్చ మందు. మూడు రోజులుగా గడ్డి ముట్టలేదు.

"డాక్టర్‌సాబ్ అంత జూసిండు, జరం గిట్ల లేదు. సెలైన్ మీద ఎన్నొద్దులు బతుకుతది?" అన్నాడు యాదగిరి. "దీన్ని నడిపిన తాత నాలుగొద్దుల కింద పోయిండు, ఇంటోళ్ళు దీన్ని ఈడ ఇడిశిపెట్టిండ్రు. గానుగ మీద కూసోని పొద్దుందాక ముచ్చట్లు వెట్టెటోడంట. దీని కండ్లకు గంతలాయె, గా గొంతు ఇనుకుంటనే తిరిగింది."

ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. మౌలాలి గుట్టెక్కిన మా బర్రె ఒక్క అరుపు అరిస్తే కింద గూడ్సుబండి ఆగిపోయిన సంగతి. ఎద్దు మొహం తిప్పుకుంది.

"దీనిగ్గూడ నమ్మబుద్ధి గాలె" అన్నాడు యాదగిరి. నవ్వలేదు. చేతిలో గడ్డి అలాగే ఉంది.

పన్నెండయ్యేసరికి ఎండ మీదికొచ్చింది. మాట ఆపకుండానే ఎద్దు వెనక నీడలోకి జరిగాను. దాని చెవి నా వైపు తిరిగింది. అవును మరి, తాత గొంతు దానికెప్పుడూ వెనక నుంచే కదా వినిపించింది. గూడ్సుబండి గార్డు దిగి బర్రెకు దండం పెట్టే చోట, ఎద్దు తల వంచి ఒక పోచ అందుకుంది.

"ఆపకు బావా" అన్నాడు యాదగిరి మెల్లగా.

నీళ్ళు తాగడానికి ఆపితే దాని దవడా ఆగింది. ఇక నాలుగింటి దాకా బర్రెను ఢిల్లీ దాకా తిప్పుకొచ్చాను. గడ్డిమోపు సగమైంది.

తిరుగు బస్సులో పక్కాయన, గోదావరి యాసలో, ఎక్కడి నుంచండీ అని అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"బాగా కోస్తారండీ మీరు" అన్నారాయన.

ఒట్టేసి చెబుదామనుకున్నాను. గొంతు సగం పోయింది. ఉన్న సగమూ రేపు ఎద్దుకు కావాలి.