కవరు తియ్యకండమ్మా

నాగమల్లేశ్వరి పుట్టింది మంగళగిరిలో మగ్గాల ఇంట. చిన్నప్పుడు నోట్లో నాలుక లేని పిల్ల. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఆమె కొట్టుకి వెళ్లాలంటే గుండెధైర్యం కావాలి. కారుకో లారీకో మ్యాట్లు అడిగితే చాలు, రబ్బరు మ్యాటొకటి నేలకేసి కొట్టి, స్క్రూడ్రైవరు కసుక్కున దించుతుంది. చిరిగిందా, రోడ్డు మీదకి విసిరేస్తుంది. చిరక్కపోతే బకెట్టుడు బురదనీళ్లు కుమ్మరించి ఎగిరెగిరి తొక్కుతుంది. అప్పటికీ జారకపోతేనే అమ్ముతుంది.

ఆ సాయంత్రం కొత్త కారుతో వచ్చిన లక్ష్మీకాంత్‌కి ఆ పరీక్షకి నిలిచిన రకంలోనే కవరు విప్పని కొత్త మ్యాటు ఏరిచ్చింది. అతను మురిసిపోయి డ్రైవరు సీటు ముందు తనే పరుచుకుంటూ, "ప్లాస్టిక్ కవరు తియ్యకండమ్మా, నాలుగు రోజులు కొత్తగా ఉంటుంది" అన్నాడు.

ఆమె కత్తి తీసింది. అతను అడ్డం వచ్చాడు. మోచేత్తో అతని ఛాతీ మీద ఒక్కటిచ్చి, కవరు పరపరా కోసి, ఆ ముక్కలు మొహాన కొట్టింది.

"పిచ్చా నీకు? పోలీసుల్ని పిలుస్తా!" అని అరిచాడు లక్ష్మీకాంత్.

"పిలవండి! కవరుంటే మ్యాటు నిలవదు. జారి బ్రేకు కింద ఇరుక్కుంటుంది. మా ఆయన లారీలో అదే జరిగింది. కల్వర్టుకి గుద్దుకుంటే స్టీరింగు గుండెల్లో దిగిపోయింది."

లక్ష్మీకాంత్ గొంతు తగ్గింది. "పాపం, కవరు తియ్యాలని ఆయనకి తెలీదాండీ?"

"తియ్యబోయాడు. కొత్త మ్యాటు పాడైపోద్దని, చెయ్యి మీద కొట్టి ఆపింది నేనే."