పొడవు అడిగిన మనిషి

ముందు పోయినవి రాస్తాను. మా అక్క, నేను కలిసి విమానంలో గువాహటికి పోయిన ఒకే ఒక్క ప్రయాణంలో టికెట్లకు అవసరమైన దానికన్నా ఎక్కువ పెట్టింది 8,974 రూపాయలు. అనుకోకుండా విమానాశ్రయంలో గడిపిన ఒక రాత్రి తిండికి 640. టీ మరక పడి అమ్మకానికి పనికిరాకుండా పోయిన జంపఖానా ఒకటి, దాని ధర 4,500. మొత్తం 14,114. దారి ఖర్చులు, ఆటోలు ఇందులో కలపలేదు. అవి ఎట్లా పోయినా అయ్యేవే.

మా అక్కది నేతవాళ్ల పేట, కొత్తవాడ. ఇంట్లోనే మగ్గం. ఆ ఏడాది ఒక పెద్ద దుకాణం వాళ్లు ఆర్డరిస్తే ఆకుల రంగులు, బెరళ్ల రంగులు అద్దిన నూలుతో పద్నాలుగు జంపఖానాలు నేసింది. నేయడం అయ్యాక ఆ దుకాణం వాళ్లు వద్దన్నారు. అప్పు మీద తెచ్చిన నూలుకు నెలాఖరులోగా డబ్బు కట్టకపోతే మళ్లీ నూలు ఇవ్వనని సేటు చెప్పేశాడు. నూలు లేకపోతే మగ్గం ఆగుతుంది. సరిగ్గా అప్పుడు, ఒక మంగళవారం, గువాహటి చేనేత మేళా వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడో పెట్టిన దరఖాస్తు అది. ఎవరో మానుకున్నారు కాబట్టి స్టాలు మీకిస్తాం, శుక్రవారం పదకొండు లోపు సరుకుతో వచ్చి సంతకం పెట్టాలి, లేకుంటే వరసలో తర్వాతి వాళ్లకు ఇస్తాం అన్నారు.

రైలు రెండు రోజులకు పైనే. టికెట్లూ లేవు. అక్క నా దగ్గరికి వచ్చింది.

నేను బట్టల దుకాణాలకు లెక్కలు రాసేవాణ్ని. పదో తరగతితో చదువు ఆపినా వడ్డీలు, చిట్టీలు, పన్నులు సొంతంగా నేర్చుకున్నాను. ఎవరికి ఏ లెక్క తెగకపోయినా మా ఇంటికి వస్తారు. విమానం లెక్క మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఒక దుకాణంలో పనిచేసే అతను ఫోన్‌లో ఒక యాప్ చూపించాడు. మనం పోవలసిన చోటు, తేదీ, సామాను అందులో రాసి పెడితే, తక్కువ టికెట్లు వెతకడంలో ఆరితేరినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పోటీపడి దారులు చెప్తారు. నచ్చిన దారి ఎంచుకుంటే, చెప్పినవాళ్లకు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి ముందే యాప్ పట్టుకుంటుంది, ప్రయాణం తేదీ దాటాక వాళ్లకు పంపుతుంది.

గంటలో ఏడుగురు దారులు పంపారు. అసలు పేర్లు లేవు, బొమ్మలే. పులి బొమ్మ పెట్టుకున్న మనిషి అందరికన్నా తక్కువ చెప్పాడు. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు ఒక విమానం, అక్కడి నుంచి గువాహటికి వేరే సంస్థ విమానం, రెండు వేరు వేరు టికెట్లు. మనిషికి 7,050. టీ గ్లాసు బొమ్మ పెట్టుకున్న మనిషి ఒకే టికెట్ మీద పోయే దారి చెప్పాడు. అది 9,150. కింద రెండు మాటలు రాశాడు: వానాకాలం, వేరు టికెట్లు వద్దు. మీ సామాను పొడవెంత?

నేను బరువు రాశాను. ఒక్కో జంపఖానా రెండు కిలోలు, పద్నాలుగుకు ఇరవై ఎనిమిది, గోనె, కుట్టే సుతిలి తాడు కలిపి ముప్పైకి లోపే. ఇద్దరికీ కలిపి ముప్పై కిలోలు ఉచితం. పొడవుకు ఎక్కడా డబ్బు అడగలేదు కాబట్టి పొడవు రాయలేదు.

"ఏం జేసినవ్ తమ్మి?" అంది అక్క.

"పులిది తీసుకున్న. నాలుగు వేల రెండు వందలు మిగులుతయ్."

"ఆ టీ గ్లాసు ఏమంటాండు?"

"వద్దంటాండు. ఆయనది అమ్ముడుపోవాలె గదా, అంటడు."

"అయితే నీకన్న ఉషారే ఉన్నడు," అని నవ్వింది.

గురువారం హైదరాబాద్ విమానాశ్రయంలో తూకం మీద పెడితే ఇరవై తొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు. నా లెక్క గ్రాములతో సహా నిలబడింది. అక్కడున్న అమ్మాయి మా మూటలు రెండూ చూసి, ఇవి పొడవున్నాయి, ఈ కదిలే పట్టీ మీద పోవు, పక్క గదిలో ఇవ్వండి అంది. అక్క జంపఖానాను ఎప్పుడూ మడవదు. మడత పడ్డచోట రంగు విరుగుతుందని చాపలాగా చుట్టి గోనెలో కుడుతుంది. ఒక్కో చుట్ట నాలుగడుగులు. పక్క గదిలో ఇచ్చి వచ్చాము. నేను దాన్ని పట్టించుకోలేదు.

విమానం గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. కోల్‌కతాలో దిగేసరికి వాన. రెండో విమానం కౌంటర్ మూయడానికి అరగంట ఉంది. చాలు అనుకున్నాను. పట్టీ ముందు నిలబడ్డాము. పెట్టెలు వస్తున్నాయి, పోతున్నాయి. మా చుట్టలు రావు. మాతో దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. పట్టీ మీద ఒక నీలం సంచి ఒక్కటే తిరుగుతోంది.

"సామాను వచ్చుడు ఆగినట్టుంది," అంది అక్క.

"వస్తయ్. జర ఆగు."

"నిలబడి సూస్తే వస్తయా? అడుగు పో."

ఒక పనివాణ్ని అడిగితే, వేలితో మూల చూపించాడు. పొడవు సామాను వేరే తలుపు నుంచి వస్తుందట. మా చుట్టలు రెండూ అక్కడ గోడకు ఆనుకుని ఉన్నాయి. అందరి సామాను కన్నా ముందే వచ్చి ఉన్నాయని చెప్పాడు. బండి మీద వేసుకుని పరుగెత్తాము. కౌంటర్ మూసి పది నిమిషాలు అయింది. విమానం ఇంకా కదలలేదు, అద్దంలో నుంచి కనిపిస్తూనే ఉంది. టికెట్లు వేరు కాబట్టి మొదటి విమానం వాళ్లకు సంబంధం లేదు. రెండో వాళ్లు డబ్బు తిరిగి ఇవ్వరు.

పులికి రాశాను. వెంటనే జవాబు వచ్చింది. టికెట్ సరిగానే ఉంది కదా సార్, ఆలస్యం నా చేతిలో లేదు. అది నిజమే.

పొద్దున గువాహటికి ఒక విమానం ఉంది. పోతే సమయానికి అందుతాము. ఇద్దరికి 15,920 చూపిస్తోంది. నా ఖాతాలో ఉన్నది 13,550. అక్క దగ్గర ఉన్న నగదు ఫోన్‌లో చెల్లదు. ఇద్దరు దుకాణదారులకు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

"ఒక్క టికెటే కొను," అంది అక్క. "నేను పోత. నువ్వు ఒక చుట్ట పట్టుకొని ఇంటికి పో."

"ఏడు అమ్మితే సేటు బాకీ తీరుతదా?"

ఆమె బండి మీద ఉన్న చుట్ట మీద చెయ్యి వేసి నిలబడింది.

అప్పుడు టీ గ్లాసుకు రాశాను. ఆయన దారి కాదన్నవాణ్ని, జవాబు వస్తుందన్న నమ్మకం లేదు. జరిగింది, ఉన్న డబ్బు, కావలసిన సమయం, మూడు వరసల్లో రాశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఇద్దరికి కలిపి వెతకకండి. తక్కువ ధరకు మిగిలింది ఒక్క సీటే. రెండు అడిగితే రెండింటికీ పై ధరే చూపిస్తుంది. ఒక్కొక్కటిగా కొనండి, ఇప్పుడే.

ఒక్కరికి అని వెతికాను. 5,214. కింద ఎర్ర అక్షరాల్లో, ఈ ధరకు ఒక్క సీటే.

"ఎవరి పేరు?" అన్నాను.

"నాదే రాయి. రెండోది దొరకకుంటే నేనన్న పోవాలె."

ఆమె పేరు రాశాను. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దాను. బ్యాంకు నుంచి అంకెలు రావాలి. తెర మీద చక్రం తిరుగుతోంది. అంకెలు వచ్చాయి, కొట్టాను, సీటు దొరికింది. రెండోది వెతికితే 7,960. ఈసారి అంకెలు రావు. సమయం అయిపోయిందని తెర చెరిగిపోయింది. మళ్లీ మొదటి నుంచి. అక్క నా భుజం మీదుగా ఫోన్ వైపే చూస్తోంది. అంకెలు వచ్చాయి. ఖాతాలో 376 మిగిలింది.

టీ గ్లాసు మళ్లీ అడిగాడు: సామాను పొడవెంత?

నాలుగడుగులు అని రాశాను. సగానికి తగ్గించండి, మామూలు పట్టీ మీదే వస్తుంది, గువాహటిలో మీకు సమయం తక్కువ, అని జవాబు వచ్చింది.

ఆ మాట అక్కకు చెప్పాను. ఆమె కత్తెర అడుగుదామని అటూ ఇటూ చూసి, ఎవరి దగ్గరా ఉండదని తెలిసి, గోనె కుట్లు పళ్లతో తెంపింది. నేల మీద ఒక్కొక్కటి పరిచి మడిచింది. నేను చెయ్యి వేయబోతే, "నువ్వు ముట్టకు, నీకు తెల్వదు," అంది. మడత గట్టిగా పడకుండా మధ్యలో మా బట్టలు పెట్టింది, నా చొక్కాలు, తన చీరలు. పదమూడో దాని మీద, పక్కన కూర్చున్న వాళ్ల కప్పు ఒరిగి టీ పడింది. వాళ్లు చేతులు జోడించారు. అక్క కొంగుతో అద్ది, "ఏం గాదు," అని వాళ్లకే ధైర్యం చెప్పింది. మరక పోలేదు.

గువాహటిలో మా మూటలు పట్టీ మీద మొదటి పదింటిలో వచ్చాయి. మేళా మైదానానికి చేరేసరికి పదకొండుకు ఇరవై నిమిషాలు. బల్ల వెనక ఉన్నతను వరసలో తర్వాతి పేరుకు ఫోన్ కలపబోతున్నాడు. అక్క నా చేతిలో నుంచి కాగితాలు లాక్కుని బల్ల మీద పెట్టింది.

పదమూడు అమ్ముడుపోయాయి. సేటు బాకీ తీరింది, మగ్గం మీద మళ్లీ నూలు ఎక్కింది. మరక పడ్డది నాకిచ్చింది. దాని మీద కూర్చునే లెక్కలు రాస్తున్నాను.

ఇంటికి వచ్చాక చూస్తే, నేను పెట్టిన వెయ్యిని యాప్ పులికి పంపేసింది. నియమం ప్రకారం అది సరైనదే. డబ్బు ఎక్కడికి పంపాలో చెప్పమని టీ గ్లాసుకు రాశాను. గెలవని పోటీకి డబ్బు తీసుకోను, ఇంకో ప్రయాణం పెట్టండి, గెలిచి తీసుకుంటాను అని రాశాడు. ఇంకో ప్రయాణం పడే లోపే ఆ యాప్ మూతపడింది. ఆ మనిషి ఆడో మగో, ఏ ఊరో నాకు తెలియదు. "ఆయన", "రాశాడు" అని రాస్తున్నది నా అలవాటు కొద్దీ.

అక్క వచ్చినప్పుడల్లా ఆ జంపఖానా మీద మరకను చేత్తో తుడిచి అడుగుతుంది.

"ఇచ్చినవా ఆ టీ గ్లాసుకు?"

"ఎక్కడని ఇయ్యాలె అక్కా?"

"లెక్కలోనన్న పెట్టినవా?"

పెట్టాను. ఏటా కొత్త పద్దుల పుస్తకం మొదలుపెట్టినప్పుడు మొదటి పేజీలో, ఇవ్వవలసినవి అన్న వైపు, పేరు లేకుండా రాసుకుంటున్నాను. వడ్డీ కట్టలేదు, ఆ మనిషి అడిగి ఉండడు. ఈ రోజుకు ఇవ్వవలసింది 1,000 రూపాయలు.