సాక్ష్యంలో చెప్పని మనిషి

నంద్యాలలో ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని. పిల్లలు ఎదురుగా మేడం అంటారు, వెనకాల విజిలమ్మ అంటారు. అననీ! నా విజిల్ వినబడితే గేటు దాటినవాడు కూడా వెనక్కి తిరిగి చూస్తాడు, నాకదే చాలు. నేను నేర్పిన పిల్లల్లో కొందరు పోలీసులయ్యారు, కొందరు రైల్వేలో చేరారు. ఒక్కడు మాత్రం టీవీలో వచ్చే కబడ్డీ లీగు దాకా పోయాడు. ఆళ్ళగడ్డ పక్కన మా పుట్టింటి పల్లెవాడే, మా చర్చి పిల్లవాడే. వాడు మొదటిసారి టీవీలో కూతకు పోయి ముగ్గురిని తాకి వచ్చినప్పుడు నేను పెట్టిన కేకకు, పక్కింటివాళ్ళు దొంగలు పడ్డారనుకుని కర్రలతో వచ్చారు.

పేరొచ్చింది, డబ్బొచ్చింది, కారొచ్చింది. వీటన్నిటి వెనకాల పొగరు కూడా వచ్చింది. పోయిన ఎండాకాలం ఊరికి వచ్చినప్పుడు, ఫోను కారు లోపల ఎదురుగా అతికించుకొని, అహోబిలం రోడ్డు మీద స్పీడుగా పోతూ స్టీరింగు వదిలేశాడు. పాయింటు తెచ్చినప్పుడు చేసినట్టు రెండు చేతులతో తొడలు కొట్టాడు. ఆ వీడియో అప్పటికప్పుడే అందరికీ పెట్టేశాడు. కాసేపటికి మళ్ళీ అదే పని చేయబోయి కల్వర్టు గోడకు గుద్దాడు. కారు నుజ్జయింది. వాని ఒంటి మీద గీత పడలేదు.

ఇంకేం కావాలి మా పిల్లలకు! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, బైకు ఉన్న ప్రతివాడూ హ్యాండిల్ వదిలేసి తొడ కొట్టడం మొదలుపెట్టాడు. అందరికన్నా ముందు మా అన్న కొడుకు. మా అన్నకు వాడొక్కడే సంతానం. మంచి ఆటగాడు, జిల్లా జట్టు ఎంపికలు దగ్గర పడుతున్నాయి. వాడు ఇసుక లారీ పక్కనే చేతులు వదిలేసి పోవడం మా అన్న కళ్ళారా చూశాడు. నాకు ఫోన్ చేసి, "నువ్వన్నా వచ్చి చెప్పు పాపా, నా మాట ఇనడు. వాడు బండి తీసినాంక తిరిగి ఇంటికొచ్చే దాకా నాకు అన్నం దిగదు" అన్నాడు. మా అన్న ఏడవడం మా నాయన పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఆ రోజు విన్నాను.

ఆ సాయంత్రమే స్కూటీ వేసుకొని ఊరికి పోయాను.

"ఏందిరా నీ ఆటలు?"

"ఏం కాదులే అత్తా. ఆ అన్న గోడకు గుద్దితేనే ఏం కాలే. దేవుడు సూసుకుంటాడు."

"దేవునికి నీ బండి వెనకాల కూర్చోవడం తప్ప ఇంకో పని లేదనుకున్నావా?"

తిట్టాను, తాళం లాక్కున్నాను. మర్నాడు స్నేహితుని బండి మీద అదే పని చేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. తప్పు వీనిదొక్కనిదే కాదు కదా. నేర్పినవాడు ఎక్కడో దర్జాగా ఆడుకుంటున్నాడు, ఇక్కడ మా అన్నకు ముద్ద దిగడం లేదు.

సరిగ్గా అప్పుడే మా పాస్టరు అయ్యగారు యువజన కూటం పెట్టి, సాక్ష్యం చెప్పడానికి ఆ కబడ్డీవాణ్ణే పిలిచారు. సాక్ష్యం అంటే తెలియనివారికి చెబుతాను. తాను ఎట్లా చెడిపోయాడో, దేవుడు ఎట్లా లాగి ఒడ్డున వేశాడో మనిషి అందరి ముందర నిలబడి చెప్పాలి. మంచి పద్ధతే. కానీ దాంట్లో ఒక తిరకాసుంది. చెడిపోయిన కథ ఎంత పొడుగైతే జనానికి అంత ఇష్టం. తాగుడు మానినవాని సాక్ష్యంలో తాగుడు అరగంట, మానడం రెండు ముక్కలు. అయ్యగారితో ఇదే మాట అన్నాను. "నీకు అన్నిట్లో అనుమానమేనమ్మా. వచ్చి కూర్చో, పిల్లలకు మేలు జరుగుతుంది" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కూటం. చర్చి బయట కూడా కుర్చీలు వేశారు. మూలన యూట్యూబు లైవు కెమెరా. ముందు వరుసలో మా మేనల్లుడు, వాని వెనకాల నేను. తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు ఆటగాడు, అందరికీ వందనాలు చెప్పి మైకు పట్టుకున్నాడు.

"నూటముప్పైలో పోతాండా తమ్ముళ్ళూ. చేతులు రెండూ ఇడిసినా. ఒకటే దెబ్బ! కారు తుక్కుతుక్కయిపాయ. నేను డోరు తీసుకోని నడుచుకుంటా బయటికొచ్చినా. చొక్కా కూడా నలగలే. దేవుని చెయ్యి నా మీద ఉంది!"

"హల్లెలూయా!" చర్చి దద్దరిల్లిపోయింది. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకున్నానని ఏవో రెండు మాటలు చెప్పాడు, అవి చప్పట్లలో కొట్టుకుపోయాయి. మా మేనల్లుని కళ్ళు మెరుస్తున్నాయి. వాడు స్పీడు విన్నాడు, చొక్కా నలగలేదని విన్నాడు. నిన్నటిదాకా దేవుడు చూసుకుంటాడని వట్టి మాటకు అనేవాడు, ఇప్పుడు వానికి రుజువు దొరికింది. ఇక వీణ్ణి మేము ఆపలేమని నాకు భయం పట్టుకుంది.

కానీ ఆటగాడు చెప్పనిదొకటుంది. ఆ కారులో రెండో మనిషి ఉన్నాడు. పక్క సీట్లో, వీడియోలో కనబడని చోట. వాడూ నా దగ్గర ఆడినవాడే. ఒకడు కూతకు పోయేవాడు, ఒకడు వచ్చినవాణ్ణి పట్టేవాడు, ఒకే కంచంలో తిన్నారు. ఆ దెబ్బకు వాని కుడి మోకాలు పిండయింది. నంద్యాల ఆసుపత్రికి పోయి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకొని, "మేడం, కార్లో నేనుండినట్టు ఎవురికీ చెప్పొద్దు. కేసయితే వాని ఆట పోతాది. నాదెట్లాగూ పాయ" అన్నాడు. మాటిచ్చాను. ఊరంతా వాడు బైకు మీద నుంచి పడ్డాడనే అనుకుంది.

ఇచ్చిన మాట నేను తప్పను. కానీ ప్రశ్న అడగనని ఎవరికీ మాట ఇవ్వలేదు. లేచి నిలబడ్డాను.

"ఏమప్పా, కార్లో ఒక్కనివే ఉండినావా?"

అయ్యగారు గబగబా పాటల పుస్తకం తీశారు. "కూర్చోమ్మా, ప్రశ్నలు తర్వాత."

"ఒక్కటే ప్రశ్న అయ్యగారూ. సాక్ష్యం సగం చెబితే ఎట్లా?"

వాడు నన్ను చూశాడు. చిన్నప్పుడు గ్రౌండుకు ఆలస్యంగా వచ్చి అట్లాగే చూసేవాడు. మైకు దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"లేదు మేడం. ఇద్దరం ఉండినాం." ముందు వరుస వైపు తిరిగాడు. "వాడు చెప్తానే ఉన్నాడు, నిదానంగా పోరా, నాకు ఎల్లుండి మ్యాచుంది అని. నేను నగినా. భయమారా అన్నా. మళ్ళా చేతులిడిసినా. నాకేం కాలే. వాని మోకాలు పాయ. వాన్ని ఇడిసిపెట్టి, దేవుడు నన్ను కాపాడినాడని ఊరూరా చెప్పుకుంటాండా."

ఎవరూ హల్లెలూయా అనలేదు. నాకు మనసు కలుక్కుమంది, వాడూ నేను పెంచిన పిల్లవాడే. అయినా అడిగినందుకు ఈ రోజుకీ నాకు చింత లేదు. మా సొంత బతుకు మాది, మమ్మల్ని చూసి నేర్చుకోమని మేం చెప్పామా అంటుంటారు ఈ ఆటగాళ్ళు. చెప్పక్కర్లేదు నాయనా. పిల్లల చప్పట్లు నీకు కావాలి, పిల్లలు మాత్రం వద్దంటే కుదరదు.

అప్పుడు మా అల్లుడు లేచాడు.

"అన్నా, ఆ అన్న ఇప్పుడెట్లుండాడు?"

"తెలీదప్పా."

"పోయి చూడలేదా?"

"లేదు."

మా అల్లుడు కూర్చోలేదు. ఆటగాని బొమ్మను వాడు ఫోను మీద పెట్టుకున్నాడు, మంచం పక్క గోడకు అంటించుకున్నాడు. ఇప్పుడు ఆ ఆటగాణ్ణే ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. "యాడుంటాడో చెప్పన్నా, పోదాం" అన్నాడు.

పక్క పల్లెలోనే ఇల్లు. ముగ్గురం బయలుదేరాం. ఆటగాని కొత్త కారు దగ్గరికి రాగానే నేను చెయ్యి చాపితే, వాడు తాళం ఇచ్చేశాడు. నేనే తోలాను.

మేం పోయేసరికి ఆ పిల్లవాడు ముందు గదిలో మంచం మీద కాలు చాపుకొని ఉన్నాడు. చేతిలో ఫోను, ఫోనులో మా చర్చి పాట ఇంకా వస్తోంది. ఆటగాడు గడప దగ్గరే ఆగిపోయి ఏదో చెప్పబోయాడు.

"చూసినా లే లైవులో" అన్నాడు మంచం మీదివాడు. "ఈడ మైకు లేదు, చప్పట్లు కొట్టేవాళ్ళూ లేరు. ఇట్లొచ్చి చెయ్యియ్యి, లేయాల."

ఆటగాడు పోయి చెయ్యి ఇచ్చాడు. మంచం మీదివాడు ఒకసారి లేవబోయాడు, కాలు వంగలేదు, మంచం మీద పడ్డాడు. ఈసారి ఆటగాడు వాని చంక కింద భుజం పెట్టి ఎత్తాడు. ఆ పిల్లవాడు పండ్లు బిగపట్టుకొని లేచి నిలబడ్డాడు, నుదుటంతా చెమట. లుంగీ కింద ఆ మోకాలు పక్కకు తిరిగి ఉంది.

మా అల్లుడు గడపలోనే నిలబడి దాన్నే చూస్తున్నాడు. లోపలికి రారా అని పిలవబోయి ఆగిపోయాను. చూడనీ అనుకున్నాను.