మధ్యలో మస్తాన్‌వలి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. మాచర్లకీ గురజాలకీ మధ్య ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వారానికి రెండు రోజులు వెళ్ళేదాన్ని. పొద్దున్నే నరసరావుపేటలో బస్సెక్కి కిటికీ పక్కన కునుకు తీస్తూ పోయేదాన్ని. చెట్ల ఆకులు తెల్లటి రాతిపొడి కప్పుకుని కనిపిస్తే దిగాల్సిన చోటు వచ్చినట్టే.

నేను బిజినెస్ సైకాలజిస్టుని. ఈ మాట చెప్పగానే మావైపు జనంలో కొందరు నన్ను పిచ్చి డాక్టరమ్మ అనుకుంటారు, మిగతావాళ్ళు యాజమాన్యం పెట్టిన గూఢచారి అనుకుంటారు. మా అత్తగారు మాత్రం "కంపెనీలో ఏదో సలహాలు చెబుతుంది" అని తేల్చేస్తారు. అందరికన్నా ఆవిడ చెప్పిందే నిజానికి దగ్గర. పెద్ద కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం అని ఒకటుంటుంది. ఉద్యోగికి నిద్ర పట్టకపోయినా, ఇంట్లో గొడవైనా, పై అధికారితో పడకపోయినా నాలాంటి వాళ్ళ దగ్గరికి వచ్చి చెప్పుకోవచ్చు. ఫీజు కంపెనీది, చెప్పుకున్న మాట మాత్రం కంపెనీకి చేరదు. దానికి ఒకటే మినహాయింపు. ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే నేను నోరు మూసుకుని కూర్చోకూడదు. ఈ సంగతి నా ఎదుట కూర్చున్న ప్రతివాళ్ళకీ మొదటే చెబుతాను. అందరూ తలూపుతారు, వినేవాళ్ళు తక్కువ.

మొదట్లో నాకు హెచ్ఆర్ ఆఫీసు పక్కన గది ఇచ్చారు. అక్కడ చాలాకాలం ఈగలు తోలుకున్నాను. హెచ్ఆర్ వాళ్ళు చూస్తుండగా నా తలుపు తట్టే ధైర్యం ఎవరికుంటుంది? పోరుపెట్టి డిస్పెన్సరీ పక్కకి మార్పించుకున్నాక, బీపీ చూపించుకునే వంకతో ఒక్కొక్కరే రావడం మొదలైంది.

మస్తాన్‌వలి కూడా ఆ వంకతోనే వచ్చాడు. క్రషర్ సెక్షన్‌లో ఫిట్టరు. గనుల నుంచి వచ్చే సున్నపురాయి బండల్ని ముక్కలు చేసే యంత్రం క్రషర్, ఆ ముక్కల్ని మోసుకుపోయేది కన్వేయర్ బెల్టు. నలభై దాటిన మనిషి, మాచర్లలో కాపురం. కూర్చోగానే నడుముకున్న వాకీటాకీ తీసి బల్ల మీద పెట్టాడు. చెవి మాత్రం అటే ఉంచాడు.

"నాకు బుర్ర సరిగా లేదని ఒక కాయితం రాసియ్యండి మేడం. ప్యాకింగ్ సెక్షన్‌కి మార్పించుకుంటా."

"బుర్రకి ఏమైంది?"

"ఇంకా ఏం కాలేదు. కాకముందే పోదామని."

నవ్వొచ్చింది కానీ అతను నవ్వలేదు. కళ్ళ కింద నల్లగా దిగిపోయి ఉంది. నిద్ర లేదనీ, కన్ను మూతపడితే సైరన్ మోగినట్టు ఉలిక్కిపడి లేస్తున్నాననీ, భార్య పక్కగదిలోకి మారిపోయిందనీ చెప్పాడు. బాత్రూముకి వెళ్ళినా వాకీటాకీ వెంటే ఉండాలట. సెలవు పెట్టి ఎన్నాళ్ళయిందో గుర్తులేదట. ఎందుకలా అని అడిగితే, ఆ షిఫ్టులో తను లేకపోతే నడవదన్నాడు. ఫిట్టరు లేకపోతే నడవని షిఫ్టేమిటని తరచి తరచి అడిగాక అసలు సంగతి బయటికొచ్చింది.

క్రషర్ కంట్రోల్ రూంలో కూర్చుని బెల్టుల్ని నడిపేది కోటయ్య. బెల్టుల వెంట తిరుగుతూ, చూట్‌లో, అంటే రాయి జారి బెల్టు మీద పడే ఇనప తొట్టిలో, రాళ్ళు ఇరుక్కుంటే దిగి తీసేది నాగేశ్వరరావు. ఇద్దరిదీ దుర్గి అవతల ఒకే ఊరు. ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. మావైపు మాటల్లేకపోవడమంటే అలిగి మూతి ముడుచుకోవడం కాదు, అదొక కట్టుబాటు. ఎదురెదురుగా నిలబడ్డా మూడో మనిషి ద్వారానే మాట నడవాలి, ముందు నోరు విప్పినవాడు ఓడినట్టు లెక్క. ఆ మూడో మనిషి మస్తాన్‌వలి. ముగ్గురి వాకీటాకీలూ ఒకే ఛానల్‌లో ఉంటాయి. నాగేశ్వరరావు "మస్తానూ, బెల్టు ఆపమను" అంటాడు. అది కోటయ్య చెవిలోనూ పడుతుంది. అయినా కోటయ్య కదలడు. మస్తాన్‌వలి అందుకుని "కోటయ్య బావా, బెల్టు ఆపమంటన్నాడు" అన్నాకే ఆయన వేలు బటన్ మీదికి వెళుతుంది.

కిందటి నెలలో ఒకరోజు మస్తాన్‌వలి వాకీటాకీలో ఛార్జింగ్ అయిపోయింది, అతనది చూసుకోలేదు. బెల్టు ఆగి ఉంది కదా అని నాగేశ్వరరావు "మస్తానూ, చూట్‌లోకి దిగుతన్నా, బెల్టు నడపొద్దను" అని చెప్పి దిగిపోయాడు. కోటయ్య ఆ మాట పట్టించుకోలేదు. చంపాలని కాదు. ఆ గొంతు వినిపిస్తే చెవి పెట్టకుండా ఉండటం ఆయనకి అలవాటైపోయింది. వినాల్సింది మస్తాను గొంతే కదా. మస్తాన్‌వలి చేతులు కడుక్కుని వస్తుంటే బెల్టు కదిలే ముందు మోగే సైరన్ వినిపించింది, చూట్ తలుపు తీసి ఉండటం కనిపించింది. పరుగెత్తి పుల్ కార్డ్ లాగేశాడు. బెల్టు పక్కనే సాగే తాడది, ఎక్కడ లాగినా బెల్టు కదలదు. నాగేశ్వరరావు పైకొచ్చి తల తుడుచుకున్నాడు. ముగ్గురూ ఎవరికీ చెప్పలేదు. ఇలా తప్పిపోయిన ప్రమాదాన్ని మా భాషలో నియర్ మిస్ అంటారు, జరిగిన వెంటనే రిపోర్టు చెయ్యాలి.

"తాడు నా చేతికి అందకపోతే ఏంది మేడం?" అన్నాడు మస్తాన్‌వలి. "ఆయన భార్యకి నేనేం చెప్పాలి? ఛార్జింగ్ అయిపోయిందని చెప్పాలా?"

మొదట చెప్పిన మినహాయింపు గుర్తుచేసి, ఇది దాచలేనన్నాను. అతను భయపడిపోయాడు. సంగతి బయటపడితే ఇద్దర్నీ సస్పెండ్ చేస్తారు, రెండిళ్ళవాళ్ళూ తన మీద పడతారు. మస్తానే చాడీలు మోశాడంటారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పేర్లు చెప్పను, ప్రమాదం మాత్రం ఆపుతాను.

ఆ మధ్యాహ్నమే సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఈ షిఫ్టు నుంచే ఎంత చిన్న రాయికైనా సరే, స్విచ్‌కి సొంత తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుంటేగానీ ఎవర్నీ చూట్‌లోకి దిగనివ్వొద్దని చెప్పాను. ఆ నియమం ముందునుంచీ ఉంది. చిన్న పనికి తాళమెందుకని అందరూ ఎగ్గొడుతున్నారంతే. ఎవరు చెప్పారని ఆయన అడిగాడు. అది అడక్కండి, ఆలస్యం చెయ్యకండి అన్నాను. మంచివాడు, నా ముఖం చూసి టోపీ పెట్టుకుని లేచాడు.

నాలుగైదు వారాలు తాళాలు సక్రమంగా పడ్డాయి. మస్తాన్‌వలికి మాత్రం నిద్ర రాలేదు. తాళం వెయ్యాలంటే ముందు బెల్టు ఆపాలి, ఆపమని చెప్పాల్సింది మళ్ళీ అతనే. ఎవరైనా తాళం మర్చిపోయి దిగితే? ఆ రోజు తను ఏ డాక్టరు దగ్గరో ఉంటే? ఇద్దర్నీ చెరో షిఫ్టుకి వేయిద్దామా అని అడిగాను. ఎందుకు మార్చారన్న ఆరా మొదలవుద్ది, తిరిగి తిరిగి నా పేరు దగ్గరే ఆగుద్ది అన్నాడు.

అలసట మీద సర్వే పేరుతో క్రషర్ కంట్రోల్ రూంలో కొన్ని పూటలు కూర్చున్నాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకోకపోవడం నా కళ్ళతోనే చూశాను కాబట్టి ఇక మస్తాన్‌వలి మాట వాడుకోకుండానే వాళ్ళిద్దరితో మాట్లాడవచ్చు. విడివిడిగా పిలిస్తే ఇద్దరూ పెద్దమనుషుల్లా ఒకే జవాబిచ్చారు. మాట్లాడతాను, ముందు వాణ్ణి మాట్లాడమనండి.

గొడవ ఎక్కడిదో కూడా తెలిసింది. కోటయ్యదొక ఎద్దు, నాగేశ్వరరావుదొక ఎద్దు. రెంటినీ జత కట్టి బండలాగుడు పందేలకి తోలేవాళ్ళు, బహుమతులు తెచ్చుకునేవాళ్ళు. ఒక తిరణాలలో గెలిచాక కోటయ్య నలుగురిలో, లాగిందంతా మా ఎద్దేనన్నాడు. నాగేశ్వరరావు మారుమాటాడకుండా తన ఎద్దుని కృష్ణానది అవతలివాళ్ళకి అమ్మేశాడు. జతపోయిన ఎద్దు కోటయ్య కొట్టంలో ఊరికే మేస్తూ నిలబడింది. అంతే, అక్కడితో మాటలు తెగిపోయాయి.

నేను చదువుకున్న చదువు ప్రకారం ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మనసులో మాట చెప్పించాలి. కూర్చోబెట్టాను. ఇద్దరూ కుర్చీలు నావైపు తిప్పుకున్నారు.

"మేడం, ఎద్దుని అమ్మేటప్పుడు జతగాడికి ఒక మాట చెప్పాలని ఆయనకి తెలవదేమో అడగండి," అన్నాడు కోటయ్య.

"మేడం, బండని ఒంటెద్దు లాగుద్దేమో ఆయన్నే అడగండి," అన్నాడు నాగేశ్వరరావు.

నేను అడిగాను. జవాబు పట్టుకొచ్చాను. మళ్ళీ అడిగాను. అతని మాటలోని కారం కాస్త తగ్గించి ఇతనికి అందించడం, ఇతని విసుగుని మర్యాదగా మార్చి అతనికి చేర్చడం. మెడ అటూ ఇటూ తిప్పి నొప్పెట్టాక తెలిసింది, వీళ్ళు నన్ను కూడా మస్తాన్‌వలిని చేసేశారని. ఇంటికి వెళ్ళి తలనొప్పి మాత్ర వేసుకున్నాను. ఒక్క పూటకే నాకిలా ఉంటే, ఏళ్ళ తరబడి వాళ్ళ మాటతో పాటు కోపాన్నీ మోసినవాడికి నిద్రెలా వస్తుంది? వాళ్ళిద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది, అది దాచుకోను.

తర్వాతి వారం కంట్రోల్ రూంలో ఉండగా ఫోను మోగింది. కోటయ్య ఎత్తి "క్రషర్" అన్నాడు, ఏదో విని, జవాబు చెప్పి పెట్టేశాడు. ఎవరని అడిగాను. కిల్న్ కంట్రోల్ అన్నాడు. కిల్న్ అంటే సిమెంటు బట్టీ, దాన్ని నడిపే గది వేరే ఉంది. మాట్లాడిన మనిషి పేరేమిటంటే, "పేరు ఎందుకు మేడం, షిఫ్టుకొకడుంటాడు. కిల్న్ అడిగింది, క్రషర్ చెప్పింది," అన్నాడు.

బస్సెక్కినా ఆ మాట నన్ను వదల్లేదు. మనిషితో మనిషి మాట్లాడితే ఓటమి. సెక్షన్‌తో సెక్షన్ మాట్లాడితే? సేఫ్టీ ఆఫీసరుతో కూర్చుని ఒక పద్ధతి రాసుకున్నాం. రేడియోలో మనుషుల పేర్లు ఉండవు, సెక్షన్ పేర్లే. పనిలోకి దిగేవాడే స్వయంగా చెప్పాలి. విన్నవాడు విన్నది మళ్ళీ పలకాలి. దాన్ని రీడ్ బ్యాక్ అంటారు. అలా పలికేదాకా చెప్పినట్టు లెక్క కాదు, తాళం ఎలాగూ ఉంటుంది. ఇది ఒక్క క్రషర్‌కే పెడితే వేలు ఎవరివైపు చూపిస్తుందో తెలిసిపోతుంది కాబట్టి ఫ్యాక్టరీ మొత్తానికీ పెట్టించాం. పెట్టాక చూస్తే మంచిపనే అయింది. మాటల్లేని జంటలు వేరే సెక్షన్లలోనూ ఉన్నాయి. పల్నాడులో వాటికి కొదవా?

కొత్త పద్ధతి వివరించిన మీటింగులో కోటయ్య చెయ్యెత్తాడు.

"పేరు పెట్టి పిలవక్కర్లేదు గదా?"

"అక్కర్లేదు. పిలవకూడదు కూడా."

"అట్టయితే అది నేను మాట్లాడినట్టు కాదు."

"కాదు. క్రషర్ మాట్లాడినట్టు," అన్నాను. వెనక వరసలో నాగేశ్వరరావు ఆ జవాబు శ్రద్ధగా విన్నాడు.

మర్నాడు పొద్దున షిఫ్టులో నేనూ మస్తాన్‌వలీ కంట్రోల్ రూంలోనే ఉన్నాం. చాలాసేపు ఏమీ జరగలేదు. రాళ్ళు కూడా ఆ రోజు బుద్ధిగా జారిపోతున్నాయి. తర్వాత రేడియో గరగరమంది.

"బెల్టు నుంచి క్రషర్‌కి. చూట్‌లో రాయి ఇరుక్కుంది. బెల్టు ఆపాలి. తాళమేసుకుని దిగుతన్నా."

కోటయ్య అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. మస్తాన్‌వలి చెయ్యి అలవాటుగా నడుము మీదికి వెళ్ళింది. వద్దని తలూపాను. అతను చెయ్యి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. కోటయ్య ఇంకా పలకడు. ఇక నేనే ఏదో అనబోతుండగా ఆయన గొంతు సవరించుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"క్రషర్ నుంచి బెల్టుకి. చూట్‌లో రాయి. బెల్టు ఆపా. తాళమేసి దిగండి."

దిగండి అన్నాడు. దిగు అనలేదు. నాగేశ్వరరావు పైకొచ్చి తాళం తీసి చెప్పేదాకా కోటయ్య ఆ బటన్ వైపు చెయ్యి కూడా చాపలేదు. మస్తాన్‌వలి గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అంత హాయి ఈ వృత్తిలో నాకు ఎప్పుడోగానీ దొరకలేదు.

ఆ ఇద్దరూ ఈనాటికీ మాట్లాడుకోరు. క్యాంటీన్లో ఉప్పు కావాలన్నా మూడో మనిషినే అడుగుతారు. వాళ్ళని కలపలేకపోయానని మొదట్లో నాకు వెలితిగా ఉండేది, ఇప్పుడు లేదు. మనుషులు ఒకటైతేనే పని సాఫీగా సాగుతుందని చదువుకుని వచ్చాను. పనిచోట మాట నడిచే దారి ఒకటి వేస్తే చాలనీ, మిగతాది వాళ్ళ ఇష్టమనీ ఈ కేసు నేర్పింది. ఎవరో ఇద్దరి పంతాన్ని మూడోవాడు ఒంటి మీద మోస్తుంటాడనీ, సాయం అడుగుతూ నా దగ్గరికి వచ్చేది సాధారణంగా ఆ మూడోవాడేననీ కూడా అప్పుడే తెలిసింది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నా గది బయట బెంచీ మీద మస్తాన్‌వలి కనిపించాడు. మళ్ళీ ఏమొచ్చిందోనని గాభరాగా తలుపు తీశాను. ఏమీ రాలేదు. నిజంగానే బీపీ చూపించుకోవడానికి వచ్చి, వరసలో కూర్చుని, తల గోడకి ఆనించి, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. పక్కనుంచి లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. లోపల్నుంచి కాంపౌండరు అతని పేరు పిలిచాడు. లేపొద్దని సైగ చేసి, తర్వాతి వాళ్ళని పంపించమన్నాను.